చేటలో కొండమట్టి

ఎనభైల్లో బాపట్లలో వ్యవసాయం చదివేవాణ్ణి. ఒక మధ్యాహ్నం సెలవుకి ఇంటికెళ్తుంటే, తెనాలిలో ఆగివున్న రేపల్లె రైల్లో, కిటికీ పక్కన పెట్టిన నా సంచి చూసి ఎదుటి పెద్దావిడ మొహం చిట్లించింది.

"ఏంటబ్బాయ్, సీటంతా నీదేనా? ఏముందందులో?"

"అనంతపురం కొండల మట్టండి, భూసార పరీక్షకు. గొర్రెలు మేసే నేల."

నేను సీసాలో మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి ఆవిడ ఆ మట్టిని తన కొత్త చేటలో పోసుకుని, గులకరాళ్లన్నీ ఏరి కిటికీలోంచి పారేసింది.

"బాగుచేశాలే. అంతా రాళ్లే. ఈ గుప్పెడు మట్టికేనా ఇంత సంచి?"

"ఆ రాళ్లుండబట్టే ఆ గుప్పెడైనా కొండమీద నిలిచిందండి," అన్నాను పళ్లు బిగించి.

"చెప్పొచ్చావులే."

రైలు కదిలింది. కిటికీ గాలికి చేటలో మట్టంతా లేచి ఆవిడ కళ్లలో పడింది. కొంగుతో నలుపుకుంటూ నా చేతిలోని సీసా వైపు చూసింది. రేపల్లె దాకా దాని మూత తీయలేదు నేను. దాహమేసినా.