అవ్వ చిల్లు పెట్టిన కాణీ

ఇవాళ తమ్ముడు పాత పెట్టె సర్దుతూ ఒక రాగి కాణీ తీసి నా చేతిలో పెట్టాడు. వెనక్కి తిప్పి చిల్లు అంచును వేలితో తడిమాను. ఇంకా గరుకుగానే ఉంది. మన ఈడు వాళ్లకు చిల్లు కాణీలు గుర్తుండే ఉంటాయి. నయా పైసలు వచ్చాక అవన్నీ పిల్లల మొలతాళ్లకు చేరాయి కదా.

మా ఇంట్లో ఉన్నదానికి మాత్రం మొదట చిల్లు లేదు. టంకశాలలో కొట్టడం మరిచారు. అలాంటిది అరుదని తెలిసి, ఒక కరువు ఏడాది నాయన అనంతపురం నుంచి పాత నాణేలు కొనే శెట్టిని ఉరవకొండకు పిలుచుకొచ్చాడు. అది అమ్ముడుపోతే ఎద్దులకు మేత వస్తుంది. లేకపోతే ఎద్దులే సంతకు పోతాయి.

నాయన గూట్లో వెతికాడు. లేదు. జొన్నల కుండ బోర్లించాడు. అందులోనూ లేదు. శెట్టి భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు అవ్వ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది. కాణీ వాడి మొలతాడుకు వేలాడుతోంది.

"చిల్లు లేకుంటే దారం యాడ దూర్చేదప్పా? నిన్న నేనే మేకుతో కొట్టినా," అంది.

శెట్టి కాణీని తిప్పి చూశాడు. "టంకశాల చిల్లయితే రెండుపక్కలా నున్నగా ఉంటాది. దీనికి ఎనక అంచు లేసి ఉండాది. నిన్నటిదాకా ఇది వాళ్ల తప్పు, దానికే వెల. ఇప్పుడు ఉత్త దెబ్బతిన్న కాణీ అన్నా."

నాయన ఒలికిన జొన్నలు ఎత్తుతూ ఉండిపోయాడు.

సంత రోజు సాయంత్రం, ఆ అంచు తమ్ముడి పొట్టకు గీసుకుంటోందని అవ్వ కాణీని బండకేసి అరగదీస్తూ కూర్చుంది. కొట్టంలో కట్టుకొయ్యలు ఖాళీగా ఉన్నాయి.