ఎగువ చేలో దిగువ ఊరి నారు

2003 సార్వా, అంటే ఖరీఫ్ పంట నాటికి నేను దివిసీమలో నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుని. కాపురం బందరులో, పని కాలువగట్ల మీద. నా సెక్షన్‌లో ఒక పిల్లకాలువ ఉండేది. దాని మొదట్లో పెద్ద ఊరు, చివర సముద్రానికి దగ్గరగా చిన్న ఊరు, నడుమ చేపల చెరువులు. కాలువ చివరి పొలాల్ని మేం టెయిల్ ఎండ్ అంటాం, రైతులు శివారు అంటారు. ఆ శివారులో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. కాలువ రాకపోతే ఆ ఏటికి పంట లేనట్టే.

ఆ ఏడు పైన జలాశయాలు నిండలేదు. వచ్చే కాస్త నీళ్ళూ ఆలస్యంగా వస్తాయన్నారు. దానికితోడు కాలువ నిండా తూటికాడ, గుర్రపుడెక్క లాంటి కలుపు. అది తీయించడానికి వచ్చిన నిధులు సగం దూరానికి కూడా చాలవు. మిగతా ఖర్చు రైతులే పెట్టుకోవాలి. పేచీ అక్కడే మొదలైంది.

ఎగువ ఊరి నీటి సంఘం అధ్యక్షుడు పూర్ణచంద్రరావు గారు. శివారు ఊరి తరఫున మాట్లాడేది సామ్రాజ్యం గారు, కౌలుకి చేస్తూ సేద్యమంతా తానే చూసుకునే మనిషి. ఒకరి ఊరికి ఒకరు రామన్నారు. అందుకని మోపిదేవిలో ఒక సత్రం హాలు అడిగి కూర్చోబెట్టాను.

“కాలువ బాగుకి మీరూ వెయ్యాలి కదమ్మా,” అన్నారు పూర్ణచంద్రరావు గారు.

“నీళ్ళు రాని కాలువకి మేమెందుకు వెయ్యాలండీ? నిరుడు మా నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. కబురు పెడితే ఒక్కరైనా తూము మూశారా?” అన్నారు సామ్రాజ్యం గారు.

“మా ఊడ్పులు అవకుండా ఎలా మూస్తామండీ?”

రెండు మీటింగులు అక్కడే ఆగిపోయాయి. నేను వారబందీ అన్నాను, అంటే వంతులవారీగా నీళ్ళు వదలడం. సామ్రాజ్యం గారు తల అడ్డంగా ఊపారు. “మా వంతు వచ్చేసరికి నారు పొయ్యడానికి అదును దాటిపోద్ది మేడం గారూ.”

ఆవిడ మాట బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ నా బుర్రలో తిరిగింది. నారుమడికి కావలసింది కాసిని నీళ్ళే. కానీ ఆ కాసినీ శివారుకి చేరాలంటే కాలువ పొడుగునా పారాలి. నీళ్ళని నారు దగ్గరికి తీసుకెళ్ళే బదులు నారునే నీళ్ళ దగ్గరికి తెస్తే?

మూడో మీటింగులో అదే చెప్పాను. శివారు వాళ్ళ నారు ఎగువ చేలల్లో పోయాలి. ఎగువ ఊడ్పులయ్యేదాకా శివారు వాళ్ళు కాలువ నీళ్ళు అడగరు. తర్వాత ఎగువ తూములన్నీ మూసి, శివారు ఊడ్పులయ్యేదాకా నీళ్ళు కిందికే వదలాలి.

“మా విత్తనాలు వాళ్ళ చేతిలో పెట్టాక నీళ్ళు వదలకపోతే?” అని అడిగారు సామ్రాజ్యం గారు.

పూర్ణచంద్రరావు గారు ఆవిడ వైపు తిరిగారు. “నా చేలోనే పోసుకోండమ్మా. రోడ్డు పక్కనున్న పొలం చెక్క. కౌలేమీ వద్దు. కాలువ పనికి మాత్రం మీ వాళ్ళు చెయ్యెయ్యాలి.”

“ఇంటికో మనిషిని పంపుతామండీ.”

చేపల చెరువుల వాళ్ళు గుడివాడ నుంచి పొక్లెయిన్ తెప్పించి, దాని డీజిల్ కూడా భరిస్తామన్నారు. చెరువులు ఊడ్పుల తర్వాతే నింపుకుంటామని ఒప్పుకున్నారు. ఒప్పందం చదివి మా పై ఆఫీసరు గారు నవ్వారు. “ఇది ఇంజనీరింగా, పెళ్ళి సంబంధమా?”

కాలువ శుభ్రమైంది, నారు బాగా లేచింది. ఎగువ ఊడ్పులయ్యాయి. తూములు మూశారు. అంతలో వాన మొహం చాటేసింది. ఎగువ చేలు ఆరడం మొదలైంది. ఒక మధ్యాహ్నం కొందరు ఎగువ రైతులు తూము షట్టరు ఎత్తడానికి వచ్చారని లష్కరు, అంటే మా కాలువ కాపలా మనిషి, కబురు చేశాడు. నేను వెళ్ళేసరికి పూర్ణచంద్రరావు గారు షట్టరు దగ్గర నిలబడి ఉన్నారు. ఎదురుగా ఆయన సొంత బావమరిది నాగేశ్వరరావు.

“మన చేలు ఎండుతుంటే నీళ్ళు సముద్రం వైపు పంపిస్తావా బావా?”

“సముద్రానికి కాదురా, నేను పెంచిన నారుకి. పొద్దునా సాయంత్రం దగ్గరుండి తడి పెట్టాను. నిన్న ట్రాక్టర్లకి ఎత్తించి పంపింది మీరే కదా. ఇప్పుడు దాన్ని ఎండబెట్టమంటావా?”

నాగేశ్వరరావు నా వైపు తిరిగాడు. “మా సంగతేంటి మేడం గారూ?”

“మీ చేలల్లో దిగి చూసే వస్తున్నానండీ. లోపల తడి ఉంది, ఇంకొన్నాళ్ళు ఆగుతాయి. వాళ్ళ ఊడ్పులవగానే మొదటి వంతు మీదే,” అని షట్టరు తాళంచెవి పూర్ణచంద్రరావు గారి చేతికే ఇచ్చాను. ఆ రైతులు కాసేపు గొణుక్కుని వెనక్కి వెళ్ళిపోయారు. షట్టరు మీద ఎవరి చెయ్యీ పడలేదు.

శివారులో చివరి మడి దాకా ఊడ్పులయ్యాయి. నేను వెళ్ళేసరికి సామ్రాజ్యం గారు గట్టు మీద కాళ్ళు కడుక్కుంటున్నారు. “పూర్ణచంద్రరావు గారిని ఒకసారి వచ్చి చూసుకోమనండి,” అన్నారు. ఆయన వెళ్ళారు కూడా. మాటిచ్చినట్టే తర్వాతి వంతు ఎగువకి వదిలాం. వాడుమొహం పట్టిన చేలు తేరుకున్నాయి. ఆ ఏడు రెండు ఊళ్ళలోనూ కోతలయ్యాయి.

నీళ్ళు పంచడమంటే క్యూసెక్కుల లెక్క అని చదువుకుని వచ్చినదాన్ని. లెక్క కావాలి. కానీ అవతలివాడి పంటలో తన కష్టం కూడా ఉన్నప్పుడే మనిషి తూము మూసి ఉంచుతాడని ఆ కాలువ మీద తెలుసుకున్నాను.

మరుసటి ఏడు, కాలువ వదలకముందే, రెండు ఊళ్ళ వాళ్ళూ కూర్చుని వంతులు వేసుకున్నారు. నాకు కబురు చేసింది అంతా మాట్లాడుకున్నాకే. నన్ను పిలవకుండా జరిగిన మీటింగు గురించి ఉద్యోగంలో నేను గర్వపడింది ఆ ఒక్కసారే.