ఒస్ట్రావా దారి నాకెవరు చెప్పారు?

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగు పుట్టి. ఒంగోల్లో మా నాన్న ఫిజిక్సు మాస్టారు. చిన్నప్పుడు గోడ మీద నీడ చూసి నేను అరిస్తే, దీపం తెచ్చి ఆ నీడ దేనిదో నా చేతే కనిపెట్టించేవాడు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం దీపం ఎక్కడ పెట్టి చూడాలో నాకు తెలియలేదు.

ఐటీ మంచి జోరు మీదున్న రోజులవి. సింగపూర్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా ఎవరో ఒకరు కొత్త కంపెనీ పెడుతున్నారనే కబురు వినబడేది. పాయా లేబార్‌లో అలా పుట్టిన ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది.

మా పని వినడానికి వింతగా ఉంటుంది. యూరప్‌లో తమ జట్టు వెంట ఊళ్ళు తిరిగే ఫుట్‌బాల్ అభిమానుల కోసం వెబ్‌సైట్‌లో గైడ్లు తయారు చేసేవాళ్ళం. ఒక్కో క్లబ్బుకి, దాని ఊరికి ఒక్కో గైడు. స్టేషన్ నుంచి స్టేడియానికి ఏ ట్రామ్ ఎక్కాలి, బయటి జట్టువాళ్ళు ఏ గేటు దగ్గర నిలబడాలి, ఏ బార్లో సొంత జట్టు కండువా వేసుకుని కూర్చోకూడదు, కడుపు నిండా ఎక్కడ తినొచ్చు, ఇవన్నీ అందులో ఉండేవి. దారి తప్పినవాళ్ళ కోసం ఒక హెల్ప్‌లైన్ కూడా పెట్టారు. అక్కడ పొద్దున్న అయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం అవుతుంది కాబట్టి సింగపూర్ నుంచి నడపడం సులువని మా మేనేజరు ఆలోచన.

ఏ ఊరి గైడు రాసినవాళ్ళు ఆ ఊరి ఫోన్లు కూడా ఎత్తాలి. నా వాటాకి వచ్చిన ఊరు చెక్ దేశంలోని ఒస్ట్రావా. ఒకప్పుడు బొగ్గు గనులతో, ఇనుప కొలుములతో బతికిన ఊరు. నేను అప్పటికి యూరప్ ముఖం చూడలేదు. ఫుట్‌బాల్ కూడా నాకు రాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా ఆయన మురళి పోపు డబ్బాలో గిన్నెలు టేబుల్ మీద పేర్చి చెప్పాడు.

మ్యాపులు చూసి, అక్కడికి వెళ్ళొచ్చిన అభిమానులు పంపిన మెయిళ్ళు చదివి గైడు రాసేదాన్ని. మిగిలింది హానాని అడిగేదాన్ని. హానా ఆ ఊళ్ళో స్కూలు టీచరు, అక్కడి క్లబ్బు అభిమానుల సంఘంలో మనిషి. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. ట్రామ్ ఎక్కగానే టికెట్ మీద మిషన్లో ముద్ర వేయించుకోవాలని చెప్పింది ఆమే. ఊరి పక్కన బొగ్గు చెత్త పోసిన గుట్ట ఒకటి ఉందనీ, దాని కడుపులో ఇంకా నిప్పు రగులుతోందనీ, చలికాలంలో కూడా దాని మీద మంచు నిలవదనీ ఆమే చెప్పింది. అదీ గైడులో రాశాను.

అప్పుడు నేనున్న స్థితి చెప్పాలి. పాప చంటిది. మురళికి జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో షిఫ్టు ఉద్యోగం. తను ఇంట్లో ఉన్నప్పుడు నేనుండను, నేనున్నప్పుడు తనుండడు. మేముండే సెంగ్‌కాంగ్‌లో పాపని కింది ఫ్లోరు మలయ్ ఆంటీకి అప్పగించి, బుల్లి రైలెక్కి, అది దిగి పెద్ద రైలెక్కి, కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేదాన్ని. ఒంట్లో నిద్ర ఎప్పుడూ బాకీయే. నవ్వు వచ్చినా నవ్వడానికి ఓపిక ఉండేది కాదు.

హెల్ప్‌లైన్ గదికి పెద్ద శాంతి ఆంటీ. వాళ్ళది వైజాగ్ వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబం. సెంబవాంగ్ నేవీ బేస్‌లో వాళ్ళ నాన్న పనిచేసేవారట. ఆంటీ ఇక్కడే పుట్టింది. ఆమె తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉంటాయి, మాట చివర ఇక్కడివాళ్ళందరిలాగే ఒక 'లా' తగిలిస్తుంది. రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి, తిన్నావా అని అదే మలయ్ మాటలో అడిగేది.

"మకాన్ అయిందా పిల్లా? మొహం చూడు ఎలా ఉందో. పోయి కొంచెం పడుకో, ఫోన్ నే చూస్తా లా."

ఆ మధ్యాహ్నం కూడా అలాగే అంది. పర్లేదన్నాను. ఆంటీ నా కుర్చీ వెనక నిలబడి ఉండగానే ఫోన్ మోగింది.

ఒక ముసలాయన. ఇంగ్లండ్ ఉత్తరాది యాస. ఆ సాయంత్రం ఒస్ట్రావాలో మ్యాచ్ ఉంది. ఆయనా, ఆయన భార్యా తమ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళే మనుషులట. పొద్దున్నే స్టేడియం చూసొద్దామని ట్రామ్ ఎక్కి తప్పు స్టాపులో దిగారు.

"మా ఐరీన్‌కి షుగరమ్మా," అన్నాడు.  "ఇంజెక్షన్ చేసుకుంది, కానీ పొద్దున ఏమీ తినలేదు. ఇప్పుడు కూలబడిపోయింది. మాట తడబడుతోంది. ఇక్కడ ఒక్క మనిషి లేడు. అంబులెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. ఎక్కడున్నారంటే చెప్పలేకపోతున్నాను."

ఏం కనబడుతోందో చెప్పమన్నాను.

"ట్రామ్ పట్టాలు. పొడుగాటి ఇటుక గోడ. దూరంగా పొగ గొట్టం."

ఒస్ట్రావాలో పట్టాలూ, ఇటుక గోడలూ, పొగ గొట్టాలూ లేనిదెక్కడ? నా ముందు మ్యాపు తెరిచే ఉంది. అందులో ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియలేదు. ఆ సంగతే చెబుదామని నోరు తెరిచాను.

నేను చెప్పింది ఇది.

"ఆవిణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టండి. గోడ మీ ఎడమ చేతికి ఉండేలా నడవండి. అది అయిపోయే చోట ఇనప గేటు ఉంటుంది. తాళం ఉన్నట్టే కనిపిస్తుంది గానీ వేసి లేదు, తోసెయ్యండి. కుక్క మొరుగుతుంది, కట్టేసే ఉంది. లోపల ఆకుపచ్చ తలుపు. లుద్మిలా అని పిలవండి. ఆవిడ నర్సు."

ఆయన పరిగెత్తుతున్న చప్పుడు వినబడింది. ఇనుము కిర్రుమంది. కుక్క మొరిగింది. ఆయన ఆ పేరు పెట్టి కేకేశాడు. తలుపు తెరుచుకుని ఒక ఆడ గొంతు ఏదో అడిగింది. అక్కడితో లైను తెగిపోయింది.

అప్పుడు నాకెలా అనిపించిందని చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. ఒళ్ళు జలదరించలేదు, కళ్ళ ముందు ఏ దృశ్యమూ కదలలేదు. ఎవరైనా మన ఇంటి అడ్రసు అడిగితే ఆలోచించకుండా చెప్పేస్తాం చూడండి, అలా వచ్చింది మాట. ఫోన్ పెట్టేశాక నీళ్ళు తాగాను. 

శాంతి ఆంటీ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆ పేరు నీకెట్లా తెలుసు?"

"తెలీదాంటీ."

"నర్సు అన్నావే?"

"అన్నానా?"

 ఆంటీ నాకు తియ్యటి టీ తెచ్చిచ్చి, నేను తాగేదాకా పక్కనే కూర్చుంది. నీ గొంతేం మారలేదు, నువ్వే మాట్లాడావు, కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నావు అని తర్వాత చెప్పింది. మా గదిలో కాల్స్ రికార్డు చేసే ఏర్పాటు లేదు. నాకున్న సాక్షి ఆవిడొక్కతే.

మర్నాడు ముసలాయన మళ్ళీ ఫోన్ చేశాడు. పేరు జార్జ్ అని చెప్పాడు. లుద్మిలా అనే ఆ పెద్దావిడ గని ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. పంచదార నీళ్ళు పట్టుకుని ఆయనతో పరిగెత్తుకొచ్చి ఐరీన్ చేత కొంచెం కొంచెంగా తాగించిందట. అంబులెన్స్‌కి అడ్రసు కూడా ఆవిడే చెప్పిందట. ఐరీన్ కులాసాగా ఉందనీ, మ్యాచ్ మాత్రం ఆసుపత్రి టీవీలో చూశామనీ, తమ జట్టు ఓడిపోయిందనీ చెప్పాడు. చివర్లో అడిగాడు.

"ఆ వీధిలో ఎన్నాళ్ళు ఉన్నావమ్మా నువ్వు?"

నేనెప్పుడూ ఆ దేశమే రాలేదన్నాను.  దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మా మేనేజరుకి ఇది మంచి ప్రచారంలా కనబడింది. సైటు మొదటి పేజీలో రాద్దామన్నాడు. వద్దన్నాను. నేను చెప్పింది గైడులో లేని దారి. ఉన్నట్టు రాస్తే రేపు ఇంకొకరు నమ్మి వెళతారు.

ఇంటికెళ్ళి మురళికి చెప్పాను. తను కొట్టిపారేయలేదు, ఇంజనీరులాగా ఆలోచించాడు.

"ఎక్కడో చదివుంటావు. ఎవడో అభిమాని మెయిల్లో ఆవిడ గురించి రాసుంటాడు. నిద్ర లేని బుర్ర, ఎప్పటిదో పైకి తోసింది. అంతే."

నాకూ అదే సబబనిపించింది. అలా అయితే బాగుండుననీ అనిపించింది. కొన్నాళ్ళపాటు భోజనం వేళ బల్ల దగ్గరే కూర్చుని, వచ్చిన మెయిళ్ళన్నీ మళ్ళీ చదివాను. బీరు గురించి ఉంది, సాసేజ్‌ల గురించి ఉంది, తడి రాళ్ళ మీద జారిపడడం గురించి ఉంది. ఆకుపచ్చ తలుపు గురించి గానీ నర్సు గురించి గానీ ఎక్కడా లేదు. హానాని అడిగాను. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తనకే ఆ గేటు సంగతి తెలియదంది. లుద్మిలా అంబులెన్స్‌కి చెప్పిన అడ్రసు ఆసుపత్రిలో కనుక్కుని వెళ్ళి చూసొచ్చింది.

తిరిగొచ్చి ఫోన్ చేసినప్పుడు హానా గొంతు ఎప్పటిలా లేదు.

"ఆ గేటుకి ఎప్పుడూ తాళమే ఉంటుందట. కుక్కని ఎప్పుడూ వదిలేసే ఉంచుతుందట, ఒంటరి మనిషి కదా. ఆ రోజు ఒక్కరోజే తాళం తీసింది, కుక్కని కట్టేసింది."

"ఎందుకు?"

"ఎవరో ఫోన్ చేసి చెప్పారట. నువ్వే అనుకుంటోంది. నీతో మాట్లాడతానంటోంది."

నేను ఆవిడకి ఫోన్ చేయలేదు. ఆవిడ నంబరు కూడా నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అందరం ఒకే లైన్లో మాట్లాడే ఏర్పాటు చేశారు. మా ఆఫీసు మీటింగు గదిలో స్పీకర్ ఫోన్ ముందు నేనూ, శాంతి ఆంటీ. అవతల లుద్మిలా ఇంట్లో హానా. ఆవిడ చెక్‌లో చెప్పడం, హానా ఇంగ్లీషులో మాకు చెప్పడం.

లుద్మిలా గారు నెమ్మదైన మనిషి. ఆ రోజు పొద్దున ఫోన్ మోగిందనీ, ఒక ఆడమనిషి గేటు తాళం తియ్యి, కుక్కని కట్టెయ్, ఒకాయన వస్తున్నాడు, పంచదార దగ్గర పెట్టుకో అందనీ, అంతటితో పెట్టేసిందనీ చెప్పారు. పాత ఆసుపత్రిలో ఎవరో అనుకున్నారట. ఆవిడ తాళం తీసి, కుక్కని కట్టేసి, లోపలికొచ్చి కూర్చున్న కాసేపటికి జార్జ్ వచ్చాడు.

"నిన్ను ఏదైనా మాట్లాడమంటున్నారు," అంది హానా. "ఏ భాషైనా సరే. గొంతు వినాలట."

ఏం మాట్లాడాలో తోచలేదు. తెలుగులోనే, "తలుపు తీసినందుకు మీ మేలు మరిచిపోనండీ. ఆయన భార్య బతికింది మీ వల్లే," అన్నాను.

 లుద్మిలా గారు ఒక చిన్న మాట అన్నారు. హానా దాన్ని వెంటనే చెప్పలేదు. నేను రెండోసారి అడగాల్సి వచ్చింది.

"ఈ గొంతు కాదంటున్నారు. అది పెద్దవయసు మనిషి గొంతట. సిగరెట్లు తాగే గొంతు. గని పేటలవాళ్ళు మాట్లాడే మాట, ఈ ఊరివాళ్ళకి తప్ప రాదట."

శాంతి ఆంటీ నా మోచేయి పట్టుకుంది.

లుద్మిలా గారు మళ్ళీ ఏదో అడిగారు. ఈసారి హానా వెంటనే చెప్పింది.

"మరి నా పేరు నీకెవరు చెప్పారు అని అడుగుతున్నారు."

నేను ఆంటీ వైపు చూశాను. ఆంటీ తల అడ్డంగా ఊపింది. తెలీదని చెప్పమని హానాతో అన్నాను. లుద్మిలా గారూ తనకి ఫోన్ చేసిందెవరో తెలీదన్నారు.  ఆరోగ్యం జాగ్రత్త అని ఒకరికొకరు చెప్పుకుని ఫోన్లు పెట్టేశాం.

రైల్లో ఇంటికి వెళుతున్నప్పుడు ఆ రోజు నాకు నిద్ర రాలేదు.

ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. అలాంటివి చాలా పుట్టాయి, చాలా పోయాయి. నేను ఒక బ్యాంకులో చేరాను. ఇప్పటికీ సెంగ్‌కాంగ్‌లోనే ఉంటున్నాం. దారి అడగడానికి ఎవరూ ఎవరికీ ఫోన్ చేయని కాలం వచ్చేసింది. మా అమ్మాయికి ఇదంతా చెబితే భుజాలెగరేసి, "అమ్మా, యూ వర్ జస్ట్ టైర్డ్ లా," అంది.

అలసట నిజమే. అలసిపోయిన మనిషి తెలిసింది మరిచిపోవడం నేను రోజూ చూశాను, నాలోనే చూశాను. తెలియనిది తెలియడం మాత్రం మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఒకవేళ నా సంగతికి ఏదో ఒక కారణం చెప్పుకున్నా, అక్కడ మోగిన ఫోన్‌కి అది సరిపోదు.

లుద్మిలా గారు బతికున్నన్నాళ్ళూ ప్రతి కొత్త సంవత్సరానికీ హానా చేత నన్ను ఒకే మాట అడిగించేవారు, ఏమైనా తెలిసిందా అని. లేదనే చెప్పించేదాన్ని. మీకేమైనా తెలిసిందా అని నేనూ అడిగించేదాన్ని. ఆవిడదీ అదే జవాబు. ఇప్పుడు ఆవిడ లేరు. అడిగేవాళ్ళు లేకపోయినా, నా దగ్గరున్న జవాబు మాత్రం మారలేదు.