సాక్ష్య వస్తువుకు ఆయుధ పూజ

ఎనభై నాలుగులో తమిళనాడు ధర్మపురిలోని ఒక మేజిస్ట్రేట్ కోర్టులో నన్ను ప్రాపర్టీ క్లర్కుగా వేసినారు. పోలీసులు పట్టుకొచ్చిన సామానంతా ఆ గుమాస్తా చేతికింద ఉంటుంది. కత్తులు, సారా క్యాన్లు, దొంగ సైకిళ్ళు, ఒకసారి రెండు మేకలు కూడా. ప్రతిదానికీ చీటీ కట్టి, నంబరు వేసి, కేసు ముగిసేదాకా కాపాడి, జడ్జిగారు అడిగిన దినం చూపించాల. నాకు ప్రొబేషన్ ముగియడానికి ఇంకా రెండు నెలలున్నాయి. చేతిలోని వస్తువుకు ఏమైనా అయితే ఉద్యోగం ఖాయం కాదని, సిబ్బందికంతా పెద్ద అయిన శిరస్తదారు మొదటి దినమే చెప్పిపెట్టినాడు.

ఆ ఏడు నా చేతికి ఒక కారు వచ్చింది. మారండహళ్ళిలో టమాటా మండీ పెట్టుకున్న ఒకాయన కారును దొంగలు ఎత్తుకుపోతే, అట్లాంటి కారొకటి సేలంలో ఒక మనిషి ఇంటి ముందర దొరికింది. ఇది నేను కొన్న కారు, దుడ్డిచ్చి కొన్నాను అంటాడు ఆ మనిషి. ఇంజన్ నంబరు ఎవరో ఆకురాయితో అరగదీసినారు. రంగు మార్చినారు. మార్చనివి టైర్లొక్కటే. వాటి పక్కన కంపెనీ పేరు తెల్లటి ఉబ్బు అక్షరాలతో ఉంటుంది, మా పక్క అట్లాంటివి అప్పట్లో ఎవరికీ లేవు. ఆ షోకు చూసి దొంగకు కూడా వదలబుద్ధి కాలేదేమో! మండీ ఆయన చెప్పిన గుర్తు ఒకటే: ఎడమ వెనక టైరులో మూడో అక్షరం మీద రేకు కోసిన సన్నని గీత. ఆ గీత కోర్టులో కనిపిస్తే కారు ఆయనది, కనిపించకపోతే సేలం మనిషిది. విచారణ విజయదశమి మరునాటికి వేసినారు.

ఇప్పుడు నా తెలివి చెప్తాను వినండి. ఆయుధ పూజ దినం ఆఫీసులో టైపు మిషన్లకు, బీరువాలకు, తాళంచెవుల గుత్తికి పసుపు కుంకుమ పెట్టినాము. జడ్జిగారి ముందర నడిచే దఫేదారు మునుసామి, వెనక రేకుల షెడ్డులో బండి ఉంది కదా, దానికి పూజ లేకుండా వదిలితే మంచిది కాదయ్యా అన్నాడు. నిజమే అనిపించింది. నా కాపలాలో ఉన్న బండి, పూజ చేయకపోతే నాదే తప్పు. సగం సగం చేయడం నాకు చేతకాదు. పసుపు గట్టిగా కలిపి, తెల్ల అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో అని, ఒక్కొక్క అక్షరానికీ వేలితో అద్దినాను. నాలుగు టైర్లకూ!

మరునాడు, విజయదశమి పొద్దున, నిద్ర లేస్తూనే గుర్తొచ్చింది. మూడో అక్షరం! సెలవు దినమైనా పరిగెత్తినాను. తడిగుడ్డతో తుడిస్తే పసుపు పోలేదు, గీత ఎక్కడుందో తెలియలేదు. చాకలి సోడా నీళ్ళలో కలిపి, కొబ్బరి పీచుతో ఎడమ వెనక టైరును బలంకొద్దీ తోమినాను. తోమేకొద్దీ అక్షరాలు నెత్తురు మాదిరి ఎర్రబడినాయి. కింద ఎర్రనీళ్ళు కాలువ కట్టినాయి.

మునుసామి చూసి రెండడుగులు వెనక్కి వేసినాడు. ఈ బండి ఎవరినో కొట్టి చంపింది, ఇప్పుడు కక్కుతా ఉంది అన్నాడు. గుడికి పోయి వచ్చేవాళ్ళు గోడ మీదనుంచి తొంగి చూసినారు. కాసేపటికి ఇరవై మంది అయినారు. ఒకావిడ కర్పూరం వెలిగించి, శాంతి కావాలని, ముందు చక్రానికి ఇంకొక పిడికెడు పసుపు పూసింది. వద్దు తల్లీ, వద్దు అని నేను అరుస్తానే ఉన్నాను. నా అరుపు విని, క్లర్కుకు కూడా పూనకం వచ్చిందన్నారు.

అందరినీ పంపించి ఇంటికి పోయినాను. అన్నం ముందర కూర్చుని అంతా చెప్పినాను. ఏడుపొక్కటే తక్కువ. సంగతి విని నా భార్య కడుపు పట్టుకుని నవ్వింది.

"పసుపుకు సోడా పెడతారా ఎవరైనా? ఆరతి నీళ్ళు ఎట్లా ఎర్రగవుతాయి? పసుపులో సున్నం కలిపితేనే కదా! ఇన్ని పెళ్ళిళ్ళు తిని వచ్చినారు, అది కూడా చూడలేదా మీరు? చింతపండు పులుసు పూయండి, మళ్ళీ పసుపవుతుంది. ఆ పసుపును ఎండ తినేస్తుంది, పోండి!"

సాక్ష్య వస్తువును జడ్జిగారి ఉత్తర్వు లేకుండా అంగుళం కదిలించకూడదు. నేనూ మునుసామీ దాన్ని షెడ్డులోనుంచి తోసి, ఎడమ పక్కను పడమటికి తిప్పి, సాయంకాలందాకా ఎండబెట్టినాము. నడుమ నడుమ పులుసు పూసినాను, కడిగినాను. పొద్దు వాలేసరికి ఎరుపు పోయింది, పసుపు పోయింది. అక్షరాలు మల్లెపూల మాదిరి తెల్లగా వచ్చినాయి. తోసి మళ్ళీ షెడ్డులో పెట్టి, గెలిచినానని ఇంటికి వచ్చి పడుకున్నాను.

మరునాడు జడ్జిగారు, ఇరుపక్షాల వకీళ్ళు షెడ్డుకు వచ్చినారు. సేలం మనిషి వకీలు మహజరు తీసి గట్టిగా చదివినాడు. మహజరంటే వస్తువును పట్టుకున్నప్పుడు ఉన్నది ఉన్నట్టు రాసే కాగితం. అందులో "ఎడమ వెనక టైరు తెల్ల అక్షరాల మీద గోధుమరంగు మొండి మరకలు" అని ఉంది. ఈ టైరు పెళ్ళికూతురు మాదిరి ఉంది, దీన్ని ఎవరో మార్చినారు, ఇది ఆ టైరే కాదు అన్నాడు. మండీ ఆయన మొగం పాలిపోయింది. ఆయన కారు నా చింతపండు పులుసులో కొట్టుకుపోతా ఉంది.

 నేను నోరు మూసుకుని ఉండలేకపోయినాను. మార్చలేదయ్యా, నేనే తోమినాను అన్నాను. నా సొంత కోర్టులో నన్నే బోనెక్కించి ప్రమాణం చేయించినారు. పసుపు, సోడా, పీచు, పులుసు, ఎండ, వరుసగా అన్నీ చెప్పినాను. ఎన్నడూ నవ్వని జడ్జిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చింతపండు ఎవరు చెప్పినారని ఒక్కమాట అడిగినారు. నా భార్య అయ్యా అన్నాను. అదీ రికార్డులో రాయించినారు.

తరువాత ఆయన మళ్ళీ షెడ్డుకు వచ్చి, భూతద్దంతో మూడో అక్షరం ముందర మోకాళ్ళ మీద కూర్చున్నారు. పైనున్న పసుపంతా పోయినా, కోత లోపలికి ఎండ దిగలేదు. వెంట్రుకంత పసుపు గీత అక్కడే ఉంది. ఫిర్యాదులో పసుపు గీత అని రాయలేదని వకీలు ఎగిరినాడు.

"గీత ఆయనది, పసుపు కోర్టుది" అన్నారు జడ్జిగారు.

కారు మండీ ఆయనకు పోయింది. నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ ఇంకొక ఆరు నెలలు పొడిగించినారు. అది అన్యాయమని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు అదే పని చేసినాను, ఒక్క కత్తికి పట్టిన తుప్పు కూడా తుడవలేదు. మనకు అప్పగించేది వస్తువును మాత్రమే కాదు, మరకతో ఉన్న వస్తువును. కాగితంలో మరక ఉంటే, ఆ మరకకు కూడా కాపలా మనమే.