గేటు అవతలి దుకాణం

పోయిన నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను జనగామలో బడిపంతులమ్మగా ఉన్న చివరి రోజుల్లో నా దగ్గర ఐదో తరగతి చదివిందట. ఇప్పుడు మానుకోట కాలేజీలో చేరి, ఊళ్లోని పాత దుకాణాల సంగతులు రాసుకుంటోంది. బయటివాళ్లకు మహబూబాబాద్ గానీ మాకెప్పుడూ మానుకోటే. "టీచర్, రైల్వే గేటు అవతల మీ మేనత్తది పెద్ద జనరల్ స్టోర్ ఉండెనట కదా. దాని చరిత్ర జర చెప్తరా?" అంది. సంబరంగా అరగంట చెప్పాను. చివర్లో "మరి ఎందుకు మూసిండ్రు టీచర్?" అని అడిగింది. "గేటు మూసిండ్రు, బేరాలు పోయినయ్" అన్నాను. సరేనని రాసుకుంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ దుకాణం పెట్టింది మా తాత. బొగ్గు ఇంజన్ల కాలంలో చిల్పూరు దిక్కు నుంచి నెత్తిన ఉప్పు మూటతో వచ్చి, పట్టాల పక్కన రేకులు నాలుగు నిలబెట్టాడట. స్టేషన్ మాకు కాస్త దూరం. బస్టాండు, అంగడి పట్టాలకు ఆ వైపున ఉండేవి. గేటు దాటగానే మొదట కనిపించేది మా దుకాణమే. రేకులు పోయి పెంకులు వచ్చాయి, పెంకులు పోయి స్లాబు వచ్చింది. లోపలి వాసన మాత్రం మారలేదు. బెల్లం, కిరసనాయిలు, కర్పూరం, కొత్త గోనెసంచులు అన్నీ కలిసిన ఆ వాసన బట్టలకు పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ పోయేది కాదు. లాంతరు చిమ్నీలు ఒక గాజు బీరువాలో ఉండేవి. రైలు వచ్చినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడును బట్టి వచ్చేది ప్యాసింజరో గూడ్సో చూడకుండానే చెప్పేది మా మేనత్త.

మేనత్తకు పెళ్లయిన మూడేళ్లకే భర్త కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చిన కూతురు మూల కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, తాత ఆమెను తీసుకెళ్లి దుకాణంలో కూర్చోబెట్టాడు. నలభై ఏళ్లు అక్కడి నుంచి లేవలేదు. సంతకం తప్ప రాయడం రాదు గానీ ఏ వస్తువు ఏ అరలో ఎన్నో డబ్బా వెనుక ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. 'లేదు' అనే మాట ఆమె నోట నేను వినలేదు. లేనిదేదైనా అడిగితే "రేపొస్తది" అనేది. ఒకసారి ఓ టికెట్ కలెక్టర్ పరాచికానికి "ఏనుగు మీద వేసే అంబారీ ఉన్నదా అమ్మా?" అని అడిగాడు. అత్తమ్మ నవ్వకుండా "పెద్ద ఏనుగుకా, చిన్నదానికా? రేపు రా బాబూ" అంది. ఆ పెద్దమనిషి బదిలీ అయ్యేదాకా కనబడినప్పుడల్లా ఆమెకు దండం పెట్టి పోయేవాడు.

తండాల ఆడవాళ్లు బట్టల మీద కుట్టుకునే చిన్న అద్దాలు, పూసలు, రంగుదారాలు మా దగ్గర దొరికినన్ని ఇంకెక్కడా దొరికేవి కావు. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అత్తమ్మకు లంబాడీ మాటలు బాగానే వచ్చేశాయి. వాళ్లలో మరిపెడ దారిలోని తండా నుంచి వచ్చే ఒకామె, అత్తమ్మ ఈడుదే. అత్తమ్మ ఆమెను 'బాయీ' అని పిలిచేది. అది వాళ్ల భాషలో తోబుట్టువును పిలిచే పిలుపు. బాయికి ఒక చెవి వినపడదు. అంగడి రోజున వచ్చి గుప్పెడు అద్దాలు కొని, పూట గడిచేదాకా కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేది కూడా పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒకరు పూసలు ఏరుతుంటే ఇంకొకరు చూస్తుండేవారు.

తర్వాత ఊరికి పైవంతెన వచ్చింది. గేటు తీసేసి గోడ కట్టారు. వంతెన ఎక్కడో మొదలై ఎక్కడో దిగింది. నడిచి వచ్చేవాళ్లు మా దుకాణానికి చేరాలంటే అరగంట చుట్టు తిరగాలి. ఎవరు వస్తారు? మొదటి నెల అత్తమ్మ నవ్వుతూనే ఉంది. తర్వాత చల్లటి పానీయాల ఫ్రిజ్ పెట్టింది, అది నీళ్లు కారడం తప్ప ఏమీ చేయలేదు. బుట్టలో సబ్బులు, దువ్వెనలు పెట్టుకుని వంతెన కింద కూర్చుంది, అక్కడి పండ్ల బండ్లవాళ్లు జాగా మాదంటూ లేపేశారు. చిల్పూరు గుట్టెక్కి బుగులు వెంకన్నకు మొక్కింది. నేను రాసిచ్చిన అర్జీలు పట్టుకుని కనబడిన ప్రతి ఆఫీసు మెట్టూ ఎక్కింది. ఆదివారాలు నేను జనగామ నుంచి రైల్లో పోయేదాన్ని. ఒక ఆదివారం పోయేసరికి గడప మీద కూర్చుని ఉంది. తుడిచిన డబ్బాలనే మళ్లీ తుడిచినట్టుంది, చేతిలో గుడ్డ ఉంది.

"బిడ్డా, నాలుగు దినాలాయె, ఒక్క మనిషి గడప తొక్కలే. నేను బతికే ఉన్ననా?" అంది.

ఆ సాయంత్రమే ఆమె నాకు గోడలోని సందు చూపించింది. ఎవరో ఇటుకలు ఊడదీసి మనిషి దూరేంత దారి చేశారు. అప్పుడప్పుడూ జనం అందులోంచి పట్టాలు దాటి వస్తున్నారట. "గీ సందు సంగతి అందరికీ తెల్వది. ఒక బోర్డు రాసియ్యి బిడ్డా, గోడకు ఆ దిక్కు పెడత" అంది. నేను వద్దనాలి. పిల్లలకు పట్టాలు దాటకూడదని పాఠం చెప్పే మనిషిని. కానీ ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. అట్టముక్క మీద ఎర్ర రంగుతో 'జనరల్ స్టోర్‌కు దారి' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద బాణం గుర్తు వేశాను. నా చేతిరాత బాగుంటుందని బడిలో పేరు. బోర్డు చాలా అందంగా వచ్చింది.

జనం రాసాగారు. పెద్దగా కాదు గానీ, దుకాణంలో మళ్లీ మాటలు వినిపించాయి. అత్తమ్మ తలకు నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. బాయి మనుమరాలికి పెళ్లి కుదిరిందని తెలిసి హైదరాబాద్ నుంచి మంచి అద్దాలు తెప్పించి, తండాకు పోయే ఆటో అతనితో కబురు పంపింది.

బాయి వచ్చింది ఆదివారం మధ్యాహ్నం. నేనూ ఉన్నాను. అద్దాలు ఒక్కొక్కటీ ఎండకు పెట్టి చూసుకుని, మూట కట్టుకుని, అత్తమ్మ పోసిన చాయ్ తాగి లేచింది. "పైలం బాయీ" అని జాగ్రత్త చెప్పింది అత్తమ్మ. బాయికి వినిపించిందో లేదో, చెయ్యి ఊపి వెళ్లింది. దగ్గరి లైను మీద ఒక ప్యాసింజరు ఆగి ఉంది. బాయి దాని వెనుక నుంచి చుట్టి అవతలి లైను మీదికి పోయి ఉంటుంది. బీరువాలో చిమ్నీలు గలగలమన్నాయి. అత్తమ్మ తల ఎత్తి, "గూడ్సు" అంది. ఆ వెంటనే లేచి, చెప్పులు లేకుండా పరుగెత్తింది.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. బాయి మీద ఎవరో తువ్వాల కప్పారు. కంకర నిండా అద్దాలు చెల్లాచెదురై ఉన్నాయి. ప్రతి అద్దంలోనూ ఎండ మెరుస్తోంది. అత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఏరుతోంది. "లే అత్తమ్మా" అంటే లేవదు. "పెండ్లి ఉన్నది బిడ్డా, పెండ్లి ఉన్నది" అంటోంది.

దినాలయ్యాక ఇద్దరం తండాకు పోయాం. బాయి కూతురు మమ్మల్ని కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. "బజార్ల అద్దాలు దొరుకుతయ్ కదా, అంత దూరం ఎందుకు యాడీ అంటే మా అమ్మ వినేది కాదు. దుకాణంల ఆమె ఒక్కతే ఉంటది, పోయి కూసుంట అనేది" అంది. అత్తమ్మ తెచ్చిన అద్దాల మూట ముందు పెట్టింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అప్పుడు అడిగింది:

"గోడ మీద బాణం గీసి బోర్డు పెట్టిండ్రు. ఎవలు రాసిండ్రు?"

అత్తమ్మ నా వైపు చూడలేదు.

"నేనే రాసిన" అంది.

అత్తమ్మకు రాయడం రాదని తండాలో అందరికీ తెలుసు. ఉత్తరాలు వస్తే ఎవరిచేతనో చదివించుకోవడం వాళ్లు చూసినదే. బాయి కూతురు ఆమెను చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను కాళ్ల వేళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. అద్దాల మూట తీసుకుని అత్తమ్మ లేచింది.

మర్నాడు మేస్త్రీని పిలిపించి ఆ సందును ఇటుకలతో కట్టించింది. ఎండలో నిలబడి చివరి ఇటుక దాకా చూసింది. ఇంకో బేరం రాదని ఆమెకు తెలుసు. సాయంత్రం దుకాణం తలుపులు తనే దగ్గరికి వేసి తాళం పెట్టింది. జనగామలో మా ఇంట్లో మూడేళ్లు బతికింది. నేను ఎన్నిసార్లు "ఎందుకట్ల అన్నవ్ అత్తమ్మా?" అని అడిగినా, "నీకు నౌకరీ ఉన్నది, నీ ముందర బతుకున్నది" అని అటు తిరిగి పడుకునేది. ఆమె ముందర ఏముందో నేను అడగలేదు.

అత్తమ్మ పోయాక ఒకసారి ధైర్యం తెచ్చుకుని తండాకు వెళ్లాను. బాయి కూతురు కుటుంబం పనికోసం ఎటో వలస పోయిందన్నారు. ఆ ఇంటి తలుపుకు తాళం ఉంది. కాసేపు గడప ముందు నిలబడి వచ్చేశాను. ఆ తర్వాత కూడా ఏటా పోవాలనుకుంటూనే ఉన్నాను, ఏడాది ఏడాదికీ ఏదో పని అడ్డం పెట్టుకున్నాను. చెప్పాల్సిన మాట ఎన్నేళ్లయినా మనలోనే ఉంటుంది. కాలం తీసుకుపోయేది దాన్ని వినాల్సిన మనుషుల్ని.