తొట్టిలో నీళ్ల చప్పుడు

నరసింహప్పకు భయమంతా చెవుల్లోనే ఉంటుంది. యాడికి అనే ఊరి దగ్గర చీనీ తోటలోనే, అంటే బత్తాయి తోటలోనే, ఇల్లు కట్టుకున్నాడు. గోడ పక్కనే నీళ్ల తొట్టి. కరెంటు వచ్చిందంటే బోరు నీళ్లు పైపులోంచి ఆ తొట్టిలో పడాలి, ఆ చప్పుడు ఆయన చెవిన పడాలి. పడుతున్నంతసేపూ మనిషి మనిషిలా ఉంటాడు. అన్నం తింటాడు, పెళ్లాం మీద ఎగురుతాడు, పక్క తోట శివప్పతో రాజకీయాలు దంచుతాడు. చప్పుడు కాస్త సన్నబడిందా, నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోతుంది.

ఆయన్ని అనడానికేం లేదు లెండి. అంతకుముందు వేసిన బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లు చూశారు, మిషన్లు పట్టుకొచ్చినవాళ్లూ చూశారు. చివరికి నిలబడింది ఇదొక్కటే. ఇది కూడా పోతే కాపుకొచ్చిన చెట్లు కళ్లముందే మోడులవుతాయి. ఆ మాట ఆయన పైకి అనడు. ఆ మాటే కాదు, బోరు బాగుందన్న మాట కూడా ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. ఎవరైనా "నీళ్లెట్ల ఉండాయప్పా?" అని అడిగితే "ఏదో, పడతాండాయి" అనాలి, అంతే. బాగున్నాయన్నామా, దిష్టి తగులుతుంది. భూమికి చెవులుంటాయని ఆయన భార్య చెన్నమ్మ నమ్మకం.

కూతురు ఆశ్రితకు ఆ చప్పుడే గండమైంది. ఆ పిల్ల ఇంట్లో కూర్చునే ఏదో ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఫోన్లు మాట్లాడుతుంది, తెలుగులోనూ కన్నడంలోనూ. సిగ్నల్ సరిగ్గా దొరికేదేమో తొట్టి పక్క గదిలోనే. అవతలివాళ్లు మాటమాటకీ "ఏమ్మా, మీకు వాన పడుతోందా?" అని అడగడం. వానట! మా అనంతపురంలో! పై ఆఫీసరమ్మ కొన్నాళ్లు ఓపిక పట్టి, "ఆ కుళాయి కట్టేసుకుని మాట్లాడు, లేదంటే పని మానుకో" అని తేల్చి చెప్పింది.

తాడిపత్రిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న మేనమామ కొడుకు గిరి, ఒక పెద్ద హెడ్‌ఫోను ఇచ్చి పంపాడు. తీగ లేదు. చెవుల్ని మొత్తంగా కప్పేసే మెత్తటి దిండ్లు. ఇవతలి రొద అవతలివాళ్లకు పోదు, పెట్టుకున్నవాళ్లకూ వినపడదు. "ఆదివారం సాయంత్రం దాకా వాడి చూడు. వద్దనుకుంటే వాపసు ఇచ్చేయి" అన్నాడు.

ధర వినేసరికి చెన్నమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "చెవులు మూసుకునేదానికి అంత దుడ్లా! దాంతో చెవులకు కమ్మలే వస్తాయి కదే!"

"ఇది లేకుంటే పని పోతాదిమా."

"ఏమో తల్లీ. మీ నాయన ఎట్లంటే అట్ల."

నాయన అరుగు మీద ఉన్నాడు. నీళ్లు ధారగా పడుతున్నాయి. "నువ్వే ఒకసారి పెట్టుకుని చూడు నాయనా, నీకే తెలుస్తాది" అని ఆశ్రిత దాన్ని ఆయన తలకు తగిలించి మీట నొక్కింది.

నీళ్ల చప్పుడు తెగిపోయింది.

నరసింహప్ప ఒక్క ఉదుటున లేచి పరిగెత్తాడు. చెప్పుల్లేవు, తుండుగుడ్డ ఎక్కడో జారిపోయింది, చెవుల మీద ఆ డొప్పలు మాత్రం అలాగే ఉన్నాయి. తొట్టి వైపు చూడలేదు. చూసే ధైర్యం ఎక్కడిది? ఉత్తగా తిరిగితే మోటరు కూడా కాలిపోతుందని తిన్నగా స్టార్టరు డబ్బా దగ్గరికి పోయి బంద్ చేసేశాడు.

ఆశ్రిత రొప్పుతూ వచ్చి ఆయన తలమీంచి దాన్ని లాగింది. "నీళ్లు పడతానే ఉన్నాయి కద నాయనా! నీకు వినపడలేదంతే. మంచి బోరును నువ్వే కట్టేసినావు!"

ఇప్పుడు మళ్లీ వేయాలి. వేస్తే నీళ్లొస్తాయో, గాలే వస్తుందో. మీట వేశాక పైపు దగ్గింది, బుస కొట్టింది, మళ్లీ దగ్గింది. తండ్రీకూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. ఎట్టకేలకు ధార పడింది. నరసింహప్ప అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

"తీసుకపో దాన్ని! మా ఇంటికి వద్దే వద్దు!" అని అరిచాడు. పిల్ల ఏడ్చుకుంటూ లోపలికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక తనే పిలిచాడు. "ఏదీ, ఇంగోసారి ఇటియ్యి." ఈసారి తెలివిగా తొట్టికి ఎదురుగా మంచం వేసుకుని, పైపు మీదే చూపు పెట్టాడు. చెవుల్లో నిశ్శబ్దం, కళ్లముందు తెల్లటి ధార. నీళ్లు పడుతున్నాయి, చప్పుడు లేదు. అయినా ఏమీ కాలేదు! ఇన్నేళ్లుగా ఆ చప్పుడును ఎంత బరువుగా మోస్తున్నాడో ఆయనకు అప్పుడు తెలిసింది. భుజాలు కిందికి దిగాయి. ప్రాణం హాయిగా ఉంది. పాపం, ఆ హాయిలో నోరు జారాడు. చెవులు మూసుకున్నవాడి గొంతు కదా, తోటంతా వినపడింది.

"చెన్నీ! మన బోరుకేమే! నీళ్లు దండిగా ఉండాయి!"

చెన్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నీ నోట్లో మన్ను పొయ్య! ఏం మాటయ్యా అది? ఉమ్మేయి, ఉమ్మేయి!" ఆయన కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. ఒక్క ముక్కా వినలేదు.

ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. టెంకాయ చేతబట్టుకుని, కూతురి స్కూటరు వెనకెక్కి ఊళ్లోని ఆంజనేయుడి గుడికి పోయింది. ఇంట్లో చప్పుడు వినే చెవులు ఇంక లేవు. నరసింహప్ప గురక పెట్టి నిద్రపోయాడు.

పొద్దు వాలుతుండగా తల్లీకూతుళ్లు తిరిగొచ్చారు. గిరికి ఏదో ఒకటి చెప్పాల్సిన వేళ అయింది. తండ్రి నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక, ఆశ్రిత మెల్లగా హెడ్‌ఫోను తీసింది. ఆయన కళ్లు తెరిచాడు.

"దీన్ని బంద్ చెయ్యమ్మా. ఇంగా చెవులు మూసుకునే ఉండాయి."

ఆశ్రిత తొట్టి వైపు చూసింది.

"నిన్నే! బంద్ చెయ్యంటే!"

"ఇది నా చేతిలోనే ఉండాది నాయనా."

కరెంటు పోయిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. స్టార్టరు డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. పైపు మూతి పొడిగా ఉంది. నడుచుకుంటూ పోయాడు, ఈసారి పరిగెత్తలేదు. డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. బంద్ చేశాడు. కాసేపాగి మళ్లీ వేశాడు. గాలి బుస కొట్టింది, అంతే. ఇంకోసారీ అంతే. చెన్నమ్మ ప్రసాదం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను చెప్పలేదా అని కూడా అనలేదు.

ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"గిరికి ఫోన్ చెయ్యమ్మా. వాపసు ఇయ్యము, ఉంచుకుంటామని చెప్పు. ఇంగ నీ పని పోకూడదు."

ఆశ్రిత తలూపింది. ఆయన చెయ్యి చాచాడు.

"ఈ పొద్దుకు మాత్రం నాకియ్యి."

"ఎందుకు నాయనా?"

"ఇది పెట్టుకుంటే, నీళ్లు పడతాన్నా చప్పుడు లేకుండా ఇట్లే ఉంటాది కదమ్మా" అని, తొట్టికి వీపు తిప్పుకుని కూర్చుని, తనే చెవులకు తగిలించుకున్నాడు.