ఏడు వాటాలకు లొంగని నంబరు

సునామీ వచ్చిన మరుసటి ఏడు అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో అప్పలరాముడికి ఒక సంస్థ కొత్త డోంగీ ఇస్తామంది. పడవ వచ్చింది, వల వచ్చింది. ఇంజను మాత్రం అవతలి ఒడ్డున చాతం గోడౌనులో ఉంది. వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. ఆ ఒక్క పనీ చెయ్యకుండా అతను గుమ్మం ముందు కూర్చుని బొగ్గుతో భాగహారాలు చేస్తున్నాడు. భార్య గురువమ్మకి ఒళ్లు మండిపోతోంది.

అప్పలరాముడు శ్రీకాకుళం తీరం నుంచి మేనమామ వెంట ఓడెక్కి వచ్చినవాడు. పట్టిన చేపల్ని ఇసుక మీద ఏడు కుప్పలు పోసేది అతనే. నలుగురు మనుషులకి నాలుగు, పడవకి, వలకి, ఇంజనుకి తలా ఒకటి. ఇన్నేళ్లలో అతని పంపకాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఆ ఏడుతోనే ఇంజను నంబర్లనీ భాగించడం అతని పిచ్చి. శేషం మిగిలితే సముద్రం కన్ను దాని మీద పడుతుందని నమ్మకం. కెరటం ఎత్తుకుపోయిన పాత ఇంజనుకి శేషం ఉందని, అంతా పోయాక లెక్కకట్టి తెలుసుకున్నాడు.

కొత్త ఇంజను నంబరు 15485863. ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఒక మనిషిని తగ్గించి ఆరుతో భాగించాడు. మళ్లీ ఒకటే. డోంగీలో పట్టనంత మందిని ఎక్కించి చూసినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. ట్యూషన్లు చెప్పే మేనల్లుడు యువరాజ్ కంప్యూటరులో చూసి, అది ప్రధాన సంఖ్య అని, ఒకటీ, అదీ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదని చెప్పాడు. మావయ్య లెక్కలు మానేస్తాడని చెప్పిన మాట అది. అప్పలరాముడు మంచం ఎక్కేశాడు.

సంస్థ మనిషి వచ్చి, రేపటిలోగా తీసుకోకపోతే ఇంజను డిగ్లీపూర్ వాళ్లకి పంపేస్తామన్నాడు.

"లేనా హై కి నహీ, భయ్యా?"

తీసుకుంటావా లేదా తేల్చమంటే, నంబరు మార్చి ఇస్తారా అని అడిగాడు అప్పలరాముడు. సంస్థ మనిషి గురువమ్మ వైపు చూశాడు. ఆవిడ చేతిలో గరిటె ఉంది. ఆయన వెళ్లిపోయాడు.

అప్పుడు అడిగింది గురువమ్మ. "ఏడు కుప్పలూ పోసినాక మిగిలిన సేపని ఏటి సేసీవోడివి?"

"ఏటి సేస్తాను? సేపని కోసి పంచుతామేటి? నీ గంపలో ఏసీవోణ్ణి. మిగిలింది కూరకే కదా."

"మన వాటా అమ్మేసీవోళ్లం. నువ్వూ పిల్లలూ తిన్నది ఆ మిగులే. ఎప్పుడైనా సముద్రం వచ్చి అడిగిందేటి? ఏటీ మిగలని రోజు గెంజి తాగి తొంగున్నాం, గుర్తు నేదా?"

చేపా నంబరూ ఒకటేనా అని గొణుగుతూనే అప్పలరాముడు మంచం దిగాడు. చొక్కా తొడుక్కుని చాతం ఫెర్రీకి బయలుదేరాడు.

కొత్త ఇంజనుతో మొదటి వేటలో ఏడు కుప్పలూ పోశాక ఒక వంజరం మిగిలింది. దాన్ని తోకపట్టుకుని సముద్రం వైపు చూశాడు. గురువమ్మ గంప ముందుకు తోసింది. చేపని అందులో వేశాడు.

మధ్యాహ్నం పులుసు రెండోసారి వడ్డించుకుంటూ, పడవ మీద రాయించాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు వచ్చిందని చెప్పాడు. ఎడమచెయ్యి అప్పుడే నేల మీద బొగ్గు కోసం తడుముతోంది.

గురువమ్మ పులుసు గిన్నె లాగేసుకుంది.